గృహములలో థర్మోస్టాటు

వేసవి ముదిరిన దినములలో, మధ్యాహ్నము రెండు గంటల వేళ, కొండాపూరులోనో గచ్చిబౌలిలోనో పదునాలుగవ అంతస్తులో ఉన్న బంధువుల ఇంటికి మనము పోయినామనుకొందము. తలుపు తీయగానే చల్లని గాలి మొగమునకు తగులును. ప్రాణము లేచి వచ్చినట్లుండును. కొంతసేపటికి ఆ ఇంటి పెద్దామె శాలువ భుజములమీదికి లాగుకొని, "ఆ చల్లదనము కొంచెము తగ్గించరాదటరా?" అని కొడుకునడుగును. అతడు లేచిపోయి, గోడమీది ఒక చిన్న పలక ముందు నిలుచుండి, అందులోని అంకె చూచి, రెండు మారులు నొక్కి తిరిగివచ్చి కూర్చుండును. ఆ చిన్న పలకను గురించియే ఈ పూట నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

దానిని థర్మోస్టాటు అందురు. ఉష్ణనియంత్రకమని తెలుగు చేయవచ్చును. కాని ఆ పేరు చెప్పి కోఠీ బజారులో అడిగినచో దుకాణదారుడు మన మొగము తేరిపార చూచును. కనుక థర్మోస్టాటు అనియే అందము.

ఇది ఐ.టీ. ఉద్యోగములతో పాటు మన నగరమునకు వచ్చిన క్రొత్త వస్తువని పలువురు భావింతురు. నిజమునకు థర్మోస్టాటు లేని మధ్యతరగతి ఇల్లు మన దేశములో అరుదు. ఇస్త్రీపెట్టెలో ఉన్నది, అందుచేతనే అది కొంత కాగిన పిదప టక్కుమని ఆగిపోయి, చల్లారగానే మరల అందుకొనును. రిఫ్రిజిరేటరులో ఉన్నది. స్నానాలగదిలోని గీజరులో ఉన్నది. పాతవానిలో దీని రహస్యము రెండు లోహపు రేకులు. వేర్వేరు లోహముల రేకులను ఒకదానికొకటి అతికించినచో, వేడి తగిలినప్పుడు ఒకటి ఎక్కువగాను, రెండవది తక్కువగాను సాగును. అతుకు విడిపోలేదు గనుక జంట రేకు వంగును. ఆ వంగుటతో విద్యుత్తు తీగె కొన తాకును, లేదా విడిపోవును. యంత్రము నడచుటయు ఆగుటయు ఈ వంపు మీద ఆధారపడి యున్నవి. నేటి పరికరములలో రేకునకు బదులు థర్మిస్టరు అను చిన్న పూస ఉండును. సాధారణముగా వాడు రకములో వేడి పెరిగిన కొలది దాని విద్యున్నిరోధము తగ్గును. ఆ మార్పును చూచి చిన్న కంప్యూటరు నిర్ణయము చేయును.

గదులకొఱకు ఈ పరికరమును కల్పించిన కథ వినదగినది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రములోని వైట్‌వాటరు అను ఊరిలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఒకటి ఉండెడిది. అచ్చట వారెన్ జాన్సన్ అను ఆచార్యుడు పాఠములు చెప్పుచుండగా, పాఠశాల నౌకరు మాటిమాటికి తరగతిలోనికి వచ్చి వేడి ఎంత ఉన్నదో చూచి, క్రిందికి దిగిపోయి కొలిమి మూతలను సవరించుచుండెడివాడు. ఆ రాకపోకలతో ఆచార్యుని పాఠము సాగెడిది కాదు. ఆయన విసుగుతో ఆలోచించి, గదిలో వేడి మారగానే క్రింద కొలిమి వద్ద గంట మ్రోగునట్లు ఒక విద్యుత్ పరికరమును చేసినాడు. 1883లో దానికి పేటెంటు లభించినది. చలిదేశములో గదిని వెచ్చగా నుంచుటకు పుట్టిన వస్తువు ఇది; మనము దానిని గది చల్లబరచుకొనుటకు తెచ్చుకొన్నాము. ఈ పుట్టుక భేదమును మరచినందువలననే మా కుటుంబములో ఒక ప్రమాదము తప్పినది. "తప్పినది" అని ఎందుకన్నానో మీకే తెలియును.

మా మేనల్లుడు పదునొకండు సంవత్సరములు టెక్సాసులో ఉద్యోగము చేసి, మాదాపూరు కార్యాలయమునకు బదిలీ చేయించుకొని, కొండాపూరులో ఫ్లాటు కొన్నాడు. వాళ్ల అమ్మ, అనగా మా అక్కయ్య, వానితోనే ఉన్నది. ఆ ఇంటిలో గదికొక ఏసీ కాక, కప్పులో దాగిన ఒక పెద్ద యంత్రము నుండి డక్టుల ద్వారా అన్ని గదులకు చల్లగాలి పోవును. హాలులో గోడమీద ఒక థర్మోస్టాటు ఉన్నది. అక్కయ్యకు రాత్రి మూడు గంటలకు చలి పుట్టి మెలకువ వచ్చును. మేనల్లునికేమో సాయంకాలము హాలులో కూర్చుండగా ఉక్కపోయును. ఈ తగవు తీర్చుటకు, అమెరికా నుండి వచ్చునప్పుడు పెట్టెలో తెచ్చుకొన్న క్రొత్త థర్మోస్టాటును బిగింపదలచినాడు. గుండ్రని గాజుబిళ్ల వంటి చక్కని వస్తువు. ఫోనుతో మాటలాడును, మన రాకపోకలను కనిపెట్టును. "మామయ్యా, అక్కడి ఇంటిలో నేనే స్వయముగా బిగించినాను. అరగంట పని" అన్నాడు.

ఒక ఎలక్ట్రీషియనును పిలిపించినాడు. అతడు పాత పలక విప్పి చూడగా ఎఱ్ఱ తీగె, నల్ల తీగె, పచ్చ తీగె, మరి రెండు మూడు కనబడినవి. క్రొత్త పలక వెనుక ఇంగ్లీషు అక్షరములున్నవి: ఆర్, సీ, డబ్ల్యూ, వై, జీ. దానితో వచ్చిన కాగితములో ఆర్ అనుదానికి ఎఱ్ఱ తీగె, జీ అనుదానికి పచ్చ తీగె అని బొమ్మ వేసి ఉన్నది. ఎఱుపునకు ఎఱుపు, పచ్చకు పచ్చ కలిసినవి గదా అని ఇద్దరును సంతోషించినారు. నల్ల తీగెను సీ అనుదానికి కలిపినారు. స్విచ్చి వేయగానే టప్పుమని ప్రేలి, కమురు వాసనతో పొగ వచ్చినది. ట్రిప్పు స్విచ్చి పడిపోయినది. ఎవరికిని దెబ్బ తగులలేదు.

ఇప్పుడా అక్షరముల అర్థము చెప్పెదను. మన తెలుగువారి పిల్లలు అమెరికాలో ఇండ్లు కొనుక్కొని ఉన్నారు గనుక, ఇది అచ్చటి వారికిని, వారిని చూడబోవు తల్లిదండ్రులకును కూడ పనికివచ్చును. అచ్చటి ఇండ్లలో చలికాలమునకు గ్యాసుతో మండు కొలిమి, వేసవికి చల్లబరచు యంత్రము రెండును ఉండి, చాలచోట్ల ఒకే డక్టుల ద్వారా గాలి పంపును. ఆ రెంటిని గోడమీది ఒకే థర్మోస్టాటు నడుపును. కాని ఆ గోడకు వచ్చు తీగెలలో ఇంటి కరెంటు రాదు. కొలిమి వద్ద ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండి 24 వోల్టుల పలుచని కరెంటును మాత్రము పంపును. ఆర్ అనునది ఆ 24 వోల్టులు వచ్చు తీగె. దానిని డబ్ల్యూతో కలిపినచో కొలిమి మండును. వైతో కలిపినచో బయటి కంప్రెసరు నడచును. జీతో కలిపినచో పంకా తిరుగును. సీ అనునది తిరుగుదారి. థర్మోస్టాటు చేయు పని అంతయు ఆర్‌ను తక్కిన మూటిలో తగినదానితో సమయమునకు కలుపుట, విడదీయుట. పాత ఇండ్లలో పలుచోట్ల సీ తీగె లేదు. రేకుల థర్మోస్టాటునకు తన కొఱకు కరెంటు అక్కరలేదు గదా. ఇప్పటి ఫోను థర్మోస్టాటునకు నిరంతరము ఆహారము కావలెను. "బిగించినాను గాని రెండు దినములకు ఆరిపోయినది" అని అచ్చటి పిల్లలు చెప్పుకొను కష్టములకు తరచు మూలము ఈ సీ తీగె లేకపోవుటయే. హీట్ పంపు ఉన్న ఇండ్లలో ఓ, బీ అను అక్షరములు కూడ చేరును. ఆ ఇంటివారు తమ యంత్రపు పుస్తకము చూడక చేయి పెట్టరాదు.

పెద్దలకు ఒక చిన్న సంగతి. అచ్చటి అంకెలు ఫారన్‌హీటు లెక్కలో నుండును. 68 అనగా మన 20 డిగ్రీలు. 77 అనగా మన 25. తెల్లవారుజామున 68 చూచి భయపడి కొలిమి ఆర్పనక్కరలేదు.

మరల కొండాపూరునకు వత్తము. మన నగరములో డక్టు ఏసీలకు బిగించు థర్మోస్టాటులలో చాల భాగము 230 వోల్టులవి. గోడలోని ఎఱ్ఱ తీగె ఇంటి ఫేజు. 24 వోల్టులు త్రాగవలసిన వస్తువునకు దాదాపు పది రెట్లు పోసినారు. అది ప్రేలుట ఒక విధముగా అదృష్టము. ఏలయనగా పచ్చ తీగె మాట చూడుడు. అమెరికా థర్మోస్టాటు తీగెలలో పచ్చ పంకాకు. మన ఇండ్లలో పచ్చ తీగె ఎర్తు. ఒకవేళ ఆ పరికరము ప్రేలక నిలిచి, పంకా తిప్పవలెనని ఆర్‌ను జీతో కలిపి యుండినచో, ఫేజు కరెంటు పోయి ఎర్తు తీగెలో పడును. ఎర్తు సక్రమముగా ఉన్న ఇంటిలో ట్రిప్పు స్విచ్చి పడి బ్రతికిపోదుము. ఎర్తు గుంత ఎండి, లేదా తీగె ఎక్కడనో తెగి ఉన్న ఇంటిలోనో? రిఫ్రిజిరేటరు తలుపు, బట్టలుతుకు యంత్రము, గీజరు, వంటింటి మిక్సీ అన్నియు ఆ ఎర్తు తీగెనే పట్టుకొని ఉన్నవి. వాని ఇనుప ఒళ్లన్నియు ఒక్కసారిగా ఫేజు అగును. ఆ వేళకు మా అక్కయ్య వంటింటిలో తడిచేతులతో ఉన్నది.

ఆ ఎలక్ట్రీషియనును నేను నిందింపను. అతడు తాను నేర్చిన రంగులను నమ్మినాడు. మా వాడును తాను చూచిన రంగులను నమ్మినాడు. ఇద్దరి రంగులును వేరు భాషలు. మన ఇండ్లలో వాడుక ఎఱుపు, పసుపు, నీలము ఫేజులకు, నలుపు న్యూట్రలునకు, పచ్చ ఎర్తునకు. అమెరికా ఇంటి కరెంటులో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రలు. మన ఊరివాడు అచ్చటకు పోయి నల్ల తీగె న్యూట్రలని పట్టుకొన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఐరోపా పద్ధతిలో తయారై మన బజారులో అమ్ముడుపోవు ఉపకరణముల తీగెలలో గోధుమ రంగు ఫేజు, నీలము న్యూట్రలు. ఆ నీలమే మన మూడు ఫేజుల ఇంటిలో ఒక ఫేజు. కనుక తీగె పేరు దాని రంగు చెప్పదు. రెండవ కొన ఎచ్చట బిగించినారో అది చెప్పును, మీటరు చెప్పును.

మన ఐ.టీ. ప్రాంతపు ఇండ్లలో మూడు తరహాల చల్లదనపు ఏర్పాట్లు కనబడుచున్నవి. వాని సంగతి తెలియక థర్మోస్టాటు కొనరాదు.

మొదటిది గోడమీది స్ప్లిట్ ఏసీ. దీనికి వేరే థర్మోస్టాటు అక్కరలేదు. గాలి పీల్చుకొను చోట లోపలనే థర్మిస్టరు ఉన్నది. చేతిలోని రిమోటు దానికి ఆజ్ఞ నిచ్చును. కొందరు రిమోటువలె సంకేతము పంపు చిన్న పెట్టెను బల్లమీద పెట్టి ఫోనుతో నడుపుచున్నారు. అందులో తప్పులేదు, తీగెల పని లేదు గనుక అపాయమును లేదు. కాని ఏసీ ప్లగ్గునకును గోడకును నడుమ ఒక థర్మోస్టాటు స్విచ్చి పెట్టి, గది చల్లబడగానే కరెంటునే కోసివేయు పద్ధతి మంచిది కాదు. ఇప్పటి ఇన్వర్టరు యంత్రము ఆగి నడచునది కాదు. వేగము తగ్గించుకొని మెల్లగా నడచునది. నడుచుచున్న ఎద్దు మెడపట్టి మాటిమాటికి ఆపినట్లగును.

రెండవది మా మేనల్లుని ఇంటిలోని వంటి డక్టు యంత్రము, లేదా పెద్ద భవనములలో చల్లని నీటిగొట్టములతో నడచు ఫ్యాను కాయిలు. వీని థర్మోస్టాటు వెనుక ఫేజు, న్యూట్రలు, పంకా యొక్క మూడు వేగములు, నీటి వాల్వు లేదా కంప్రెసరు అని గుర్తులుండును. ఇందులో గమనింపవలసినది, ఆ చిన్న పలక లోపలి రిలే ఎన్ని ఆంపియర్లు మోయునో దానిమీద అచ్చువేసి ఉండును. టన్నున్నర యంత్రమే సుమారు 7 ఆంపియర్లు తీసుకొనును. కప్పులోని పెద్ద యంత్రము అంతకు మిక్కిలి తీసుకొనును. ఆ భారమును పలకమీద వేయక, కాంటాక్టరు అను బలమైన స్విచ్చి ద్వారా నడపవలెను. పలక కాంటాక్టరునకు సైగ చేయును, కాంటాక్టరు బరువు మోయును.

మూడవది పెద్ద విల్లాలలోను, ఖరీదైన ఫ్లాటులలోను వచ్చుచున్న వీ.ఆర్.ఎఫ్. ఏర్పాటు. బయట ఒకటే యంత్రము, లోపల గదికొకటి. గోడమీది పలకకు పోవు రెండు సన్నని తీగెలలో మాటలు మాత్రము పోవును. కరెంటు అనదగినది అంతగా ఉండదు. ఆ యంత్రము చేసినవారి పలకయే దానికి పెట్టవలెను, వేరొకరి భాష దానికి తెలియదు. పొరపాటున అందులోనికి 230 వోల్టులు పోయినచో ఒక్క గదియే కాదు, ఆ వరుసలోని యంత్రముల కార్డులన్నియు కాలిపోవచ్చును.

ఇక బిగించు పద్ధతి. అన్నిటికంటె ముందు చోటు. థర్మోస్టాటు నేలకు అయిదడుగుల ఎత్తున, ఇంటి లోపలి గోడమీద, మనుష్యులు మసలు చోట ఉండవలెను. పడమటి గోడ పనికిరాదు. హైదరాబాదు ఎండలో ఆ గోడ సాయంకాలము నుండి అర్ధరాత్రి వరకు వేడిని వదలుచునే యుండును. కిటికీ ఎండ తగులరాదు. వంటింటి వాకిలి ఎదుట, దీపము ప్రక్క, టెలివిజను పైన, తెర వెనుక ఉండరాదు. ఏసీ గాలి సూటిగా దానిమీద పడరాదు. కార్యాలయములలో ఈ సంగతి అందరికి తెలిసినదే. హైటెక్ సిటీ కార్యాలయములో మే నెలలో స్వెటరు వేసికొని కూర్చుండు పిల్లలను నేను చూచినాను. ఒక చమత్కారి చల్లదనము చాలక థర్మోస్టాటు క్రింద వేడి టీ కప్పు పెట్టి దానిని మోసగించుటయు చూచినాను. అందుకనియే పలుచోట్ల దానికి తాళము వేసిన పెట్టె తొడుగుదురు.

ప్రేలుడు జరిగిన మరునాడు నేను మా మేనల్లుని ఇంటికి పోయి ఆ గోడ చూచినాను. పాత థర్మోస్టాటు చెడిపోలేదు. దాని క్రింద పెద్ద టెలివిజను. సాయంకాలమంతయు దాని వేడి పైకి పోవును. అదియే కాదు. పలక వెనుక తీగెలు వచ్చు గొట్టము స్లాబులో నుండి దిగుచున్నది. ఆ గొట్టము నోటి వద్ద చేయి పెట్టగా, రాత్రి తొమ్మిదింటికి కూడ వెచ్చని గాలి సన్నగా తగిలినది. ఆ గాలి సరిగా సెన్సారు మీద పడుచున్నది. ఇల్లు చల్లబడినను థర్మోస్టాటునకు వేసవి తీరదు. యంత్రము ఆగక నడచును, డక్టు నోటికి దగ్గరగా మంచము ఉన్న అక్కయ్యకు మూడు గంటలకు చలి పుట్టును. వేలకొలది ఖర్చు పెట్టి తెచ్చిన గాజుబిళ్లతో ఈ జబ్బు కుదిరెడిది కాదు. గొట్టము నోరు పుట్టీతో మూసి, పలకను భోజనాల బల్ల ప్రక్కనున్న నడవా గోడకు మార్చినాము. 230 వోల్టుల సాధారణపు థర్మోస్టాటే పెట్టినాము.

ఆ పని జరిగిన క్రమము చెప్పెదను. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేతనే చేయించుడు. కాని ఇంటివారు ప్రక్కన నిలిచి ఈ క్రింది సంగతులు చూచుకొనవచ్చును. మొదట డిస్ట్రిబ్యూషను బాక్సులో ఆ యంత్రపు ఎం.సి.బి. దించవలెను. మన ఫ్లాటులలో ఇంకొక చిక్కు ఉన్నది. మెయిను దించినను ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీ కొన్ని తీగెలకు కరెంటు పంపుచునే యుండును. భవనపు జనరేటరు తనంతట తాను అందుకొనును. కనుక ఇన్వర్టరు కూడ ఆపి, దించిన స్విచ్చి మీద "పని జరుగుచున్నది, వేయరాదు" అని కాగితము అంటించవలెను. ఇంటిలో పిల్లలున్నచో ఒకరిని అచ్చట నిలుపుట మరియు మంచిది.

పిదప పరీక్ష. జేబులోని టెస్టరు దీపము వెలుగలేదని తీగె ముట్టరాదు. దానిలోని దీపము చెడిపోయి యుండవచ్చును, పొడి చెప్పులతో నిలిచినవాని చేతిలో మసకగా వెలుగవచ్చును. మీటరు తీసుకొని ముందు కరెంటున్న సాకెట్టులో పెట్టి అది 230 చూపుచున్నదని నిశ్చయించుకొని, అప్పుడు థర్మోస్టాటు తీగెల నడుమ, ప్రతి తీగెకును ఎర్తునకును నడుమ చూచి, మరల సాకెట్టులో చూడవలెను. మూడు ఫేజుల ఇంటిలో ఒకే పెట్టెలో రెండు ఫేజులు కలిసి వచ్చియుండినచో వాని నడుమ 400 వోల్టులకు పైగా ఉండును, దానితో ఆటలాడరాదు.

విప్పుటకు ముందు ఫోనుతో ఒక బొమ్మ తీసుకొనుడు. ప్రతి తీగెకును చిన్న కాగితపు చీటీ కట్టి, దానిమీద రంగు కాక అది పాత పలకలో ఏ గుర్తు క్రింద ఉన్నదో వ్రాయుడు. క్రొత్త పలక యొక్క వెనుక "230 వోల్టులు" అని అచ్చులో ఉన్నదో లేదో కండ్లజోడు పెట్టుకొని చదువుడు. మావాని గాజుబిళ్ల వెనుక 24 అని స్పష్టముగానే ఉన్నది, ఎవరును చదువలేదు. తీగె తోలు కాలంగుళము మాత్రమే తీయవలెను. రాగి పోగు ఒక్కటైనను బయటికి పొడుచుకొని రాకూడదు. మర బిగించిన పిదప తీగెను మెల్లగా లాగి చూడవలెను. లాగితే వచ్చునది ఎప్పుడో ఒకనాడు వేడెక్కి కాలును. పచ్చ తీగెకు ఎర్తు గుర్తున్న చోట తప్ప వేరెచ్చటను చోటు లేదు. అట్టి చోటు పలకలో లేకున్నచో దాని కొనను విడిగా కనెక్టరులో భద్రపరచవలెను గాని, ఖాళీగా కనబడిన మరకు తగిలించరాదు.

కరెంటు వేసిన తరువాత ముందు పంకా మాత్రము నడిపి చూచి, పిదప చల్లదనమునకు మార్చుడు. కంప్రెసరు వెంటనే అందుకొనలేదని కంగారుపడి మాటిమాటికి నొక్కరాదు. ఒకమారు ఆగిన కంప్రెసరు లోపలి ఒత్తిడి సమానమగుటకు సుమారు మూడు నిమిషములు పట్టును. మంచి థర్మోస్టాటు ఆ మూడు నిమిషములు తానే ఆపి ఉంచును. అర్ధగంట తరువాత ఒక మామూలు థర్మామీటరును ప్రక్కన ఉంచి అంకెలు పోల్చుకొనుడు. ఒకటి రెండు డిగ్రీల భేదమున్నచో చాల పలకలలో దానిని సవరించు ఏర్పాటు ఉన్నది.

ఎంత అంకె పెట్టుకొనవలెను? మన దేశపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి ఏర్పాటు ప్రకారము 2020 జనవరి 1 నుండి స్టారు గుర్తు గల గది ఏసీలు మొదట వేయగానే 24 డిగ్రీల వద్ద నిలుచునట్లు తయారగుచున్నవి. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది నూటికి 6 పాళ్లు కరెంటు ఆదా అగునని వారు చెప్పుచున్నారు. పద్దెనిమిది పెట్టినచో గది త్వరగా చల్లబడునని ఒక భ్రమ ఉన్నది. పాత తరహా యంత్రము 18 పెట్టినను 25 పెట్టినను ఒకే బలముతో నడచును. 18 పెట్టినది ఆగదు, అంతే భేదము.

హైదరాబాదువారి ఒంటికి ఎంత వేడి హాయి అని పరిశోధించి చూచినవారు ఉన్నారు. మాధవి ఇంద్రగంటిగారు 2008లో, వేసవిలోను వర్షాకాలములోను, మన నగరములోని అయిదు అపార్టుమెంటు భవనములకు పోయి, ఆ ఇండ్లలో ఉన్నవారిని అడిగి, అప్పటి వేడిని కొలిచి లెక్క కట్టినారు. ఏసీ ప్రధానము కాని ఆ ఇండ్లలో జనులకు హాయిగా తోచినది సగటున 29 డిగ్రీల పైచిల్లర. 26 నుండి 32 వరకు సర్దుకొనగలిగినారు. అప్పటి మన దేశపు ప్రమాణములు చెప్పిన 23-26 కంటె ఇది ఎంతో ఎక్కువ. పంకా క్రింద, నూలు బట్టలతో పెరిగిన ఒళ్లు ఇవి. మా అక్కయ్య పడకగదిలో ఇప్పుడు 27 పెట్టి పంకా రెండులో తిప్పుకొనుచున్నది. మేనల్లునికి మొదట నచ్చలేదు. బిల్లు చూచిన తరువాత ఊరకున్నాడు.

పై అంతస్తులోనివారు థర్మోస్టాటు మీద విసుగుకొనుటకు ముందు మేడ మీదికి ఎక్కి చూడవలెను. హైదరాబాదు భవనముల మీదనే, గచ్చిబౌలిలోని ఐ.ఐ.ఐ.టీ. పరిశోధకులును, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారును కలిసి, మామూలు కాంక్రీటు కప్పునకు తెల్ల పూత వేసినచో చల్లదనమునకగు కరెంటులో నూటికి 10 నుండి 19 పాళ్లు తగ్గినట్లు కొలిచి చూపినారు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకు ఇట్టి కొలతలే బలము. సైబర్ టవర్సు ప్రారంభమైనది 1998 నవంబరులో. ఆ వెనుక వచ్చిన అద్దాల గోడల భవనములు ఎండను లోపలికి పిలిచి, పిదప కరెంటుతో బయటికి నెట్టుచున్నవి. ఆ చేరువనే 2004లో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటరు భవనములో గాలి గోపురములు కట్టి, లోపలికి వచ్చు గాలిని ముందే చల్లబరచు ఏర్పాటు చేసినారు. మన పూర్వులు తలుపులకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లినది ఈ సూత్రము మీదనే.

చల్లదనము సంగతి ఇట్లుండగా, వెచ్చదనమునకు మన ఊరిలో గదులకు కొలిమి అక్కరలేదు. మన చలికాలమంతయు స్నానాలగదిలోని గీజరులో ఉన్నది. అందులో రెండు కాపుదలలున్నవి. ఒకటి నీరు తగినంత కాగగానే ఆపు థర్మోస్టాటు. రెండవది ఆ థర్మోస్టాటు అతుక్కొనిపోయి ఆపకున్నచో చివరి దెబ్బగా కరెంటు కోయు కటౌటు. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో బోరు నీరు, ట్యాంకరు నీరు వాడుదురు గనుక గీజరు లోపల సున్నము పేరుకొనును. సున్నపు పొర క్రింద కడ్డీ అతిగా కాగి పగులును, థర్మోస్టాటునకు నీటి వేడి ఆలస్యముగా తెలియును. మాటిమాటికి కటౌటు పడుచున్నదని దానిని తప్పించి నేరుగా తీగె కలుపువారున్నారు. ఆ పని చేసిన మేస్త్రీని ఇంటిలోనికి రానీయకుడు. రెండు మూడు సంవత్సరములకొకమారు విప్పించి సున్నము తీయించుడు. 30 మిల్లీ ఆంపియర్ల వద్ద పడు ఆర్.సి.సి.బి. స్విచ్చి స్నానాలగది తీగెకు ఉన్నదో లేదో చూచుకొని, దానిమీద టెస్టు అని వ్రాసిన బొత్తామును నెలకొకమారు నొక్కుడు. నొక్కగానే పడవలెను, పడనిచో అది అలంకారము మాత్రమే.

ఆ రోజు కొండాపూరులో థర్మోస్టాటు పని ముగిసిన పిదప, చేతిలో మీటరు ఉన్నదే గదా అని అక్కయ్య స్నానాలగదిలోని గీజరు సాకెట్టు కూడ విప్పి చూచినాము. పచ్చ తీగె లోపల మర నుండి ఊడి, పెట్టెలో ఊరక వ్రేలాడుచున్నది. ఇల్లు కట్టిననాటి నుండి అట్లే ఉన్నదని దానిమీది సున్నమే చెప్పినది. అక్కయ్య ఆ ఉదయమే అందులోని వేడినీటితో తలంటుకొన్నది.